మాల మెడలో ఉన్నన్నాళ్లూ రాని కోపం

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు. దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. ఇంట్లో మా అమ్మ, నా భార్య, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు ఉంటారు. కొడుకు హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మా ఆవిడ మహిళా సంఘంలో లెక్కలు రాస్తుంది. ఏడేళ్లుగా ప్రతి కార్తికంలో అయ్యప్ప మాల వేసుకుంటున్నాను. ఆ నలభై ఒక్క రోజులూ నా నోటి నుంచి ఒక్క గట్టి మాట రాదు. మాల తీశాక పది రోజులకు మళ్లీ మామూలే. కోపం వస్తే నాకు కళ్లు కనిపించవు.

కిందటి వారం దుకాణానికి యూరియా లోడు వచ్చింది. వచ్చిన రైతుల్లో సగం మందికి కూడా బస్తాలు సరిపోలేదు. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి చేరాను. గ్యాసు అయిపోయింది, కూరకు ఇంకో పది నిమిషాలు పడుతుందని మా ఆవిడ అంది. చేతిలో ఉన్న నీళ్ల చెంబు విసిరాను. గోడకు తగిలి సొట్ట పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను ఎవరి మీదా చెయ్యి ఎత్తే మనిషిని కాను. అమ్మ మాత్రం ఏడ్చింది. అప్పటి నుంచి మా అమ్మాయి నా బండి శబ్దం వినగానే పుస్తకాలు తీసుకుని డాబా మీదికి వెళ్లిపోతోంది. మా ఆవిడ అవసరమైనంత వరకే మాట్లాడుతోంది.

బయట ఎవరినైనా అడగండి, నన్ను మెత్తని మనిషంటారు. మా నాన్నకూ ఇదే కోపం ఉండేదని, రక్తంలోనే ఉందని అమ్మ అంటుంది. పొద్దున్నే ఫోనులో చూస్తూ అరగంట ప్రాణాయామం చేస్తున్నాను. మందు అలవాటు లేదు, వారానికి రెండు మూడుసార్లు స్నేహితులతో కొద్దిగా తీసుకుంటాను. పత్తి తడిసి రైతుల దగ్గర ఉద్దెర బాకీలు నిలిచిపోయాయి. డిస్ట్రిబ్యూటరుకు కట్టాల్సింది పెరుగుతోంది. వాళ్లను బాధపెట్టడం ఎందుకని ఇంట్లో చెప్పలేదు. అమ్మాయి ఎప్‌సెట్ కోచింగు ఫీజు గురించి మా ఆవిడ రెండుసార్లు అడిగింది. మాలలో ఉన్నప్పటి ప్రశాంతత ఏడాదంతా ఉండాలంటే ఏ ధ్యానం చెయ్యాలి?

– పేరు రాయవద్దని కోరిన పాఠకుడు, నల్గొండ జిల్లా

సమాధానం: ధ్యానం సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ రోజు మీకు ఎదురైన మనుషులను ఒకసారి లెక్కపెట్టుకోండి. తెల్లవారకముందే చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకాలు వరుసలో పెట్టి కూర్చున్న రైతులు. వేలిముద్ర మిషను మొరాయిస్తే అది మీ తప్పే అన్నట్టు మాట్లాడినవాళ్లు. బస్తాలు రాత్రికి రాత్రే ఎవరికో అమ్ముకున్నారని ముఖం మీదే అన్నవాళ్లు కూడా ఉండే ఉంటారు, యూరియా వరుసలో ఆ మాట రాని రోజు ఉండదు. సాయంత్రం బాకీ కోసం డిస్ట్రిబ్యూటరు మనిషి ఫోను. 266 రూపాయల యాభై పైసల బస్తా మీద మీకు మిగిలేది ఎంతో, దాని కోసం పడ్డ మాటలు ఎన్నో నేను ఊహించగలను. మరి అక్కడ మీరు ఏమి విసిరారు? ఏమీ విసరలేదు. "కూర్చో అన్నా, ఛాయ్ తాగు, ఎల్లుండి ఇంకో లోడు వస్తుంది" అని ఉంటారు.

అందుకే, కోపం వస్తే కళ్లు కనిపించవన్న మాట నేను ఒప్పుకోను. మీ కోపానికి చూపు బాగానే ఉంది. ఎదురుగా ఉన్నది ఎవరు, తిరిగి ఏమి చేయగలరు అని చూసుకునే అది బయటికి వస్తుంది. రైతు మీద అరిస్తే వచ్చే సీజనుకు పక్క దుకాణానికి పోతాడు. డిస్ట్రిబ్యూటరు మనిషి మీద అరిస్తే సరుకు ఆగిపోతుంది. ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్లు, వాళ్లు పోవాలంటే డాబా తప్ప వేరే చోటు లేదు. రక్తంలో ఉందన్న మీ అమ్మగారి మాటను కూడా ఇందుకే నమ్మలేకపోతున్నాను. నిజంగా రక్తంలో ఉన్నదే అయితే డిస్ట్రిబ్యూటరును చూసి మాత్రం ఎందుకు ఆగాలి? ఇంట్లో అరిస్తే చెల్లుతుందని మీరు చిన్నప్పుడు చూశారు, చూసి నేర్చుకున్నారు. చూసి నేర్చుకున్నది మానుకోవడం కష్టమే గానీ రక్తం మార్చుకున్నంత కష్టం కాదు.

మిమ్మల్ని నొప్పించాలని ఇది రాయలేదు. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఉంది. నిగ్రహం మీకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. రోజుకు పన్నెండు గంటలు గల్లాపెట్టె ముందు కూర్చుని మీరు చేస్తున్నది అదే. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఇక అక్కర్లేదని వదిలేస్తున్నారు.

ఇక మాల విషయం. భక్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, స్వామి మీద మీ నమ్మకాన్ని అలాగే ఉండనివ్వండి. కానీ దీక్షలో నమ్మకంతో పాటు ఒక దినచర్య కూడా ఉంది. దాన్ని ఏర్పరిచినవాళ్లకు మనిషి స్వభావం బాగా తెలుసు. మందు ముట్టరు. చాప మీద పడుకుని చీకటి ఉండగానే లేచి చన్నీళ్ల స్నానం చేస్తారు. వేళకు భిక్ష చేస్తారు. మామూలు రోజుల్లో, అందులోనూ సీజనులో, మధ్యాహ్న భోజనం మూడింటికో నాలుగింటికో, లేదంటే రెండు సమోసాలతో సరిపెట్టుకుంటారని నా అనుమానం. సాయంత్రం దుకాణం నుంచి నేరుగా ఇంటికి కాకుండా సన్నిధానానికి వెళ్తారు. అక్కడ మీలాగే రోజంతా ఏదో ఒక గొడవ పడి వచ్చిన స్వాములు పదిమంది ఉంటారు. దీపం, భజన, శరణుఘోష. గొంతెత్తి పాడి, ప్రసాదం తిని, అప్పుడు ఇంటికి వస్తారు. దుకాణానికీ ఇంటికీ నడుమ ఒక చోటు ఉందన్నమాట. మాల తీసిన రోజు నుంచి ఆ చోటు పోయింది. దుకాణంలో పడ్డ మాటలు బండెక్కి మీతో పాటే గుమ్మం లోపలికి వస్తున్నాయి.

దీక్షలో ఇంకో కట్టుబాటు ఉంది. ఎదురైన ప్రతివాడినీ స్వామీ అనాలి, ఇంట్లో ఆడవాళ్లను మాతా అనాలి. అలా పిలిచాక తిట్టబోతే సగంలోనే సిగ్గేస్తుంది. పైగా మాలలో ఉండి అరిచాడట అని ఊళ్లో నలుగురూ అనుకుంటారన్న జంకు కూడా కాపలా కాస్తుంది.

ఇవన్నీ మీకు తట్టేవే. బహుశా తట్టనిది ఒకటి చెబుతాను. ఆ నలభై ఒక్క రోజులూ మీకంటే ముందు లేచి ఇల్లు కడిగింది ఎవరు? విడిగా వండింది, నల్లబట్టలు ఉతికి వేరే తీగ మీద ఆరేసింది, మీరు భిక్షకు పిలిచిన స్వాములకు వడ్డించి విస్తళ్లు ఎత్తింది ఎవరు? ఆ రోజుల్లో మీకు చిరాకు తెప్పించే మాట ఇంట్లో ఎవరూ ఎత్తి ఉండరు. ఫీజు మాట కూడా మాల తీశాక అడుగుదాంలే అని మీ ఆవిడ వాయిదా వేసి ఉంటుంది. మీ ప్రశాంతతలో సగం ఆమె చాకిరీ. అంత చేసిన మనిషి కిందటి వారం మిమ్మల్ని అడిగింది పది నిమిషాలు ఆగమని.

మన ఇళ్లల్లో ఒక మాట వింటుంటాం. "వాడికి నోరే గానీ మనసులో ఏమీ ఉండదు, అరిచి అప్పుడే మరిచిపోతాడు." సంబంధాలు చూసేటప్పుడు పెళ్లికొడుకు గురించి దీన్ని ఒక సుగుణంలా చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. అరిచినవాడు మరిచిపోతాడు, నిజమే. విన్నవాళ్ల సంగతి ఎవరూ అడగరు. ఎవరికీ దెబ్బ తగల్లేదని మీరు రాశారు. చెంబు తగిలిన చోటుకూ మీ అమ్మాయి నిలబడ్డ చోటుకూ ఎన్ని అడుగుల దూరమో మీకు గుర్తుండకపోవచ్చు. ఆమెకు గుర్తుంటుంది. అది గోడకు తగిలి మనిషికి తగలకపోవడానికి మీ గురి తప్ప మరో అడ్డు లేదని ఆ పిల్లకు ఆ రాత్రి అర్థమైంది. పరీక్షలు ముంచుకొస్తున్న వేళ ఇంట్లో లైటు కింద కూర్చోవాల్సిన పిల్ల చలిలో డాబా ఎక్కుతోందంటే అందుకే.

అరిచేస్తే బరువు దిగిపోతుందన్న నమ్మకం కూడా నిలబడదు. అమెరికా పరిశోధకులు అంతకు ముందు జరిగిన 154 అధ్యయనాలను, అందులోని పదివేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసి 2024లో ప్రచురించారు. ఒంట్లో వేగాన్ని తగ్గించే పనులు, అంటే నెమ్మదిగా ఊపిరి తీయడం, ధ్యానం, కండరాలు వదులు చేసుకోవడం వంటివి కోపాన్ని తగ్గించాయి. వేగాన్ని పెంచే పనులు మొత్తం మీద తగ్గించలేదు. పరుగు గుండెకు మంచిదే అయినా కోపానికి మందు కాలేదు. కసి తీరా దిండును గుద్దండి, అన్నీ కక్కేయండి అని సలహా ఇచ్చేవాళ్లు ఇది చదివితే బాగుండును. ఆ లెక్కన మీ ప్రాణాయామం సరైనదే, వేళే కుదరలేదు. పొద్దున ఆరింటికి చేసింది రాత్రి తొమ్మిదింటి దాకా నిల్వ ఉండదు.

కోపం లేచినప్పుడు ఒంట్లోకి అడ్రినలిన్ దిగుతుంది, గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఆ క్షణాన మీరు తప్పు తెలుసుకున్నా ఒళ్లు వెంటనే చల్లబడదు. బోరు మోటారు కట్టేశాక కూడా పైపులో నీళ్లు కాసేపు పారుతూనే ఉంటాయి కదా. భార్యాభర్తల తగాదాలను దశాబ్దాల పాటు దగ్గరుండి గమనించిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ చెప్పేదీ ఇదే. గుండె నిమిషానికి వందకు మించి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటి మనిషి మాట తలకెక్కదు, కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉంటేనే మనిషి తిరిగి మాట్లాడే స్థితికి వస్తాడు.

ఈ ఇరవై నిమిషాలను చాలామంది మగవాళ్లు తప్పుగా వాడతారు. తలుపు దడాలున వేసి, బండి తీసి, స్నేహితుల దగ్గరికి పోయి, అర్ధరాత్రి వస్తారు. ఇంట్లో వాళ్లకు అది ఇంకో రకం దెబ్బ. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లండి. "నాకు కోపం వస్తోంది. అరగంటలో వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం." ఈ మాట మొదట్లో నోరు తిరగదు, నాటకంలా అనిపిస్తుంది, అయినా అనండి. చెప్పిన వేళకు తిరిగి రండి. ఆ అరగంటలో ఆమె ఇది అంది, నేను అది అనాల్సింది అని మనసులో వాదన నడిపితే వెళ్లి ప్రయోజనం లేదు, కోపం అక్కడే ఉడుకుతూ ఉంటుంది. ఊపిరి తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదలండి, నిమిషానికి ఆరుసార్లు చాలు. కాళ్లూ చేతులూ కడుక్కోండి. మొక్కలకు నీళ్లు పెట్టండి, ఏదైనా సరే.

అసలు ఇంటికి రాకముందే ఆగడం ఇంకా మేలు. సన్నిధానం ఉన్నప్పుడు దారిలో ఆగారు కదా, ఇప్పుడూ ఆగండి. చెరువుకట్ట కావచ్చు, గుడి మెట్లు కావచ్చు, బండి ఆపి పావుగంట కూర్చోండి. ఫోను జేబులోనే ఉంచండి. సాయంత్రం ఆరింటికి దుకాణంలోనే ఏదో ఒకటి తినండి, ఆకలితో ఉన్న మనిషి చేతిలో చెంబు ఉండటం మంచిది కాదు.

మందు అలవాటు లేదు, వారానికి రెండు మూడుసార్లు అన్నారు. మన దగ్గర అలవాటు లేకపోవడమంటే అదే! తాగిన రాత్రి నిద్ర పట్టినట్టే ఉంటుంది గానీ గాఢంగా ఉండదు, మర్నాడు చిన్నదానికి చిరాకు వస్తుంది. ఏటా నలభై ఒక్క రోజులు ఇబ్బంది లేకుండా మానుతున్న మనిషి, ఉగాది దాకా మానలేరా? మానలేకపోతే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే.

ఇంతవరకు చెప్పినదంతా మంట పైకి లేచినప్పుడు ఆపుకునే ఉపాయాలు. మంట ఎక్కడ పుడుతోందో మీరు ఉత్తరం చివర్లో రెండు మూడు ముక్కల్లో చెప్పి దాటేశారు.

జూన్‌లో విత్తనం, ఎరువు, మందు ఉద్దెరకు ఇచ్చారు. పత్తి అమ్మగానే కడతారని లెక్క. అక్టోబరు చివర మొంథా తుపాను వానలు పడి పత్తి చెట్టు మీదే తడిసింది. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటితే కొనరు, 8 దాటితే ధర కోత పడుతుంది. రైతు వచ్చిన ధరకు దళారికి తెగనమ్మి, ఏరిన కూలీలకు ఇచ్చుకుని, మీ దగ్గరికి వచ్చేసరికి వట్టి చేతులు చూపించాడు. అతన్ని గట్టిగా అడగలేరు. నిజంగానే అతని దగ్గర లేదు, పైగా యాసంగికి మళ్లీ మీ గుమ్మమే ఎక్కాలి. డిస్ట్రిబ్యూటరు మాత్రం ఆగడు. ఇద్దరి నడుమా మీరు నలిగిపోతున్నారు. పల్లెల్లో ఉద్దెర మీద నడిచే ఎరువుల దుకాణానికి ఈ గండం ఎప్పుడో ఒకప్పుడు రాకుండా ఉండదు. ఇందులో మీ చేతగానితనం లేదు.

కానీ దాచారు. దాచినవాడికి ఇంట్లో ఏ ప్రశ్న విన్నా నిలదీసినట్టే ఉంటుంది. ఫీజు ఎప్పుడు కడదామని ఆమె అడిగింది తేదీ కోసం. మీకు వినిపించింది మీరు సంపాదించలేకపోతున్నారని. గ్యాసు అయిపోయిందన్న మాటలో కూడా మీకు సిలిండరు ఖర్చే వినిపించి ఉండవచ్చు. మీకు కోపం కంటే ముందు వస్తున్నది భయం, దాంతో పాటు సిగ్గు. భయంగా ఉందని చెప్పుకోవడం మన మగపిల్లలకు ఎవరూ నేర్పరు. అరవడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

వాళ్లను బాధపెట్టడం ఎందుకని చెప్పలేదన్నారు. ఇప్పుడు వాళ్లు సుఖంగా ఉన్నారా? ఏమి జరుగుతోందో తెలియక, మీకు తమ మీదే కోపమని అనుకుంటూ బతుకుతున్నారు. బాకీ సంగతి తెలిస్తే బాధపడతారు, నిజమే, కానీ ఆ బాధలో మీ పక్కన కూర్చుంటారు.

కాబట్టి ఖాతా పుస్తకం ఇంటికి తీసుకెళ్లి మీ ఆవిడకు చూపించండి. సంఘం లెక్కలు రాసే మనిషికి వాయిదా అంటే ఏమిటో, తప్పితే ఏమవుతుందో మీరు చెప్పనక్కర్లేదు. పదిమంది ఆడవాళ్ల అప్పు, పొదుపు ఆమె చేతి మీదుగా నడుస్తున్నాయి. సొంత ఇంటి లెక్క ఒక్కటే ఆమెకు తెలియదు, వింతగా లేదూ! రాత్రి అన్నం వేళ వద్దు. దుకాణం మూసే రోజు మధ్యాహ్నం, అమ్మగారు కునుకు తీస్తున్నప్పుడు, ఇద్దరే కూర్చోండి. కథలా మొదలుపెట్టకుండా ముందు అంకెలు చెప్పండి. రైతులు ఇవ్వాల్సింది ఇంత, నేను కట్టాల్సింది ఇంత, తేడా ఇంత. చేబదులు ఏదైనా ఉంటే అదీ చెప్పండి. సగం చెప్పి సగం దాచారంటే, ఆ మిగతా సగం చుట్టూ మళ్లీ కోపమే కాపలా కాస్తుంది.

అప్పుడు ఆమెకు కోపం వస్తుంది. రావాలి కూడా. ఇన్ని నెలలు దాచినందుకు, చెంబుకు, డాబా మీదికి పోయే పిల్లకు, అన్నింటికీ కలిపి వస్తుంది. ఏడవవచ్చు, గట్టిగా అనవచ్చు. మీ అసలు సాధన అక్కడ మొదలవుతుంది. సర్దిచెప్పవద్దు. కారణాలు వద్దు. "నీకు చెబితే మాత్రం ఏమి చేసేదానివి" అన్న మాట అసలే వద్దు. యూరియా వరుసలో రైతు తిడుతుంటే ఎలా విన్నారో అలా వినండి. రైతుకు చూపించిన ఓపికలో ఆమెకూ వాటా ఉంది. ఆమె చెప్పడం అయిపోయాక, ఫీజు రెండు విడతల్లో కట్టే వీలుందా, డిస్ట్రిబ్యూటరుతో నెలకు ఇంతని మాట్లాడుకోవచ్చా అనేవి ఇద్దరూ కలిసి చూసుకోండి. ఒకే రోజు తేలకపోయినా ఫరవాలేదు.

అమ్మాయికి క్షమాపణ చెప్పాలి. పొడుగు మాటలు అక్కర్లేదు. "ఆ రాత్రి చెంబు విసిరాను. నువ్వు భయపడ్డావు. తప్పు నాది, అమ్మది కాదు." ఇంతే. దీనికి "కానీ" అని తోక తగిలిస్తే చెప్పకపోయినా ఒకటే. కొత్త ఫోను కొనివ్వడం, నాన్నను క్షమించావా అని అడగడం, రెండూ వద్దు. డాబా మీదికి వెళ్లడం ఆమె వెంటనే మానదు. "ఇప్పుడు నేనేమన్నానని పోతున్నావు?" అన్నారంటే కథ మొదటికి వస్తుంది. పొద్దున కాలేజీ బస్సు దగ్గర దింపండి. దారిలో సలహాలు ఇవ్వకండి. మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు భయమో మీకు తెలుసా? అది ఆమె తనంతట తాను చెప్పే రోజు వచ్చిందంటే మీ మధ్య దారి తెరుచుకున్నట్టే. పక్కమనిషి రోజు ఎలా గడిచిందో తెలిసినప్పుడు వాళ్లు ఆలస్యం చేసినా, విసుక్కున్నా మనకు అంత కోపం రాదు. తెలియనప్పుడే ప్రతిదీ మనల్ని లెక్కచేయకపోవడంలా కనిపిస్తుంది.

ఇక మీరు అడిగిన ధ్యానం. నాగార్జునసాగర్‌లో విపశ్యన కేంద్రం ఉంది. పది రోజులు అక్కడే ఉండాలి, మాటలు ఉండవు, ఫోను ఉండదు. రుసుము లేదు, అంతకు ముందు కోర్సు చేసినవాళ్ల విరాళాలతో నడుస్తుంది. వెళ్లాలనిపిస్తే తప్పకుండా వెళ్లండి, కానీ ఖాతా పుస్తకం చూపించాకే. అంతకు ముందు వెళ్తే ఇంటి నుంచి పారిపోయినట్టే. మౌనం మీ ఇంట్లో ఇప్పటికే కావలసినంత ఉంది.

సాగర్ పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. డ్యాం నీళ్లలో మునగబోయే లోయను 1954 నుంచి 1960 వరకు తవ్వినప్పుడు క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, దాంతో పాటు ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు బయటపడ్డాయి. అక్కడి విహారాల కట్టుబడి చూస్తే నడుమ స్తంభాల మండపం, చుట్టూ భిక్షువుల చిన్న చిన్న గదులు. మనశ్శాంతి కోసం ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు కూడా ఒంటరిగా ఉండిపోలేదు. పక్కగదిలో గురకపెట్టేవాడితో, భోజనం దగ్గర ముందుకు తోసుకువచ్చేవాడితో కలిసి బతుకుతూనే సాధన చేసి ఉంటారు. ఎవరూ విసిగించని చోట ప్రశాంతంగా ఉన్నామనుకోవడంలో గొప్పేమీ లేదని వాళ్లకు తెలిసే ఉంటుంది.

ఒకసారి డాక్టరును కూడా కలవండి. బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా మనిషికి చిరాకు పెరుగుతుంది. నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం వారాల తరబడి ఉంటే అది కుంగుబాటు కావచ్చు. మగవాళ్లలో అది ఏడుపుగా కాకుండా కోపంగా బయటపడటం మామూలే. నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లడానికి మొహమాటమైతే టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బాకీల గురించి ఆలోచిస్తూ బతకడం ఎందుకన్న ఊహ ఒక్క రాత్రి వచ్చినా దాన్ని కూడా దాచుకోవద్దు. అదే రాత్రి మీ ఆవిడను లేపి చెప్పండి, ఆ నంబరుకు ఫోను చేయండి.

ఇది మీ భార్య కూడా చదువుతారని ఆశిస్తూ ఆమెకు నాలుగు మాటలు. అమ్మా, ఆయన్ని మార్చే బాధ్యత మీ మీద వేసుకోకండి. కోపం రాకుండా కూర ముందే దించడం, బండి చప్పుడు వినగానే టీవీ కట్టేయడం, పిల్లను నోరెత్తవద్దనడం ఇన్నేళ్లుగా చేసే ఉంటారు, ఆ కాపలా ఇక దిగండి. ఫీజు విషయం మామూలుగానే మళ్లీ అడగండి. 2005 నాటి గృహహింస చట్టం కొట్టడాన్ని ఒక్కటే హింస అనలేదు. బెదిరించడం, మాటలతో అవమానించడం కూడా అందులో ఉన్నాయి. మళ్లీ ఏదైనా విసిరినా, చెయ్యి లేచినా 181కు ఫోను చేయండి. ఇంటి గుట్టు రచ్చకెక్కిందని మీ అత్తగారు అన్నా సరే చేయండి. ఖాతా పుస్తకం ఇంటికి వచ్చిన రోజు మాత్రం, మీ కోపం చెప్పుకోవడం అయ్యాక, రైతుల బాకీల పేజీలు మీరే ముందు తిప్పండి. యాసంగి వడ్ల డబ్బు పడగానే ఏ ఇల్లు కట్టగలదో, ఏ ఇంటికి ఇంకో పంట దాకా గడువు ఇవ్వాలో సంఘంలో తిరిగే మీకు ఆయన కంటే బాగా తెలిసి ఉంటుంది.